దళారీ లేని పంపు

ఫిల్మ్‌నగర్,
16 జూన్ 2025

సీతామహాలక్ష్మికి,

ఆశీస్సులు రాయాలా వద్దా అన్నది తేలక, అవి వదిలేసి మొదలుపెడుతున్నాను.

నీ పెట్టె ఆటోలో వచ్చింది. "వెంగళరావు నగర్ మేడమ్ పంపింది సార్, జర పైలం అన్నది" అని ఆటో అతను దాన్ని పసిపిల్లను అందించినట్టు అందించాడు. మేడమ్! పాలిటెక్నిక్ లాబులో పిల్లలకు వైర్లు అందించి రిటైరైన దానివి, ఆటోవాళ్లకు కూడా మేడమ్‌వి అయిపోయావన్నమాట.

నా ఫోను నువ్వెత్తవు, నీ ఫోను నేనెత్తను. మంజులత పెద్దకర్మ రోజున నలుగురిలో నా మైకు ప్లగ్గు లాగావు చూడు, ఆ రోజుతో సరి. భార్య పోయినవాడు నాలుగు మంచి మాటలు చెప్పుకుంటుంటే, "అన్నయ్యా, విస్తళ్లు ఎండిపోతున్నాయి" అని లాగేశావు. మూడేళ్లయింది. అందుకే కాగితం. ఒకే ఊళ్లో ఉండి ఉత్తరాలు రాసుకునే అన్నాచెల్లెళ్లు ఈ హైదరాబాదులో మనం తప్ప ఎవరూ ఉండరు.

పెట్టె నేనడగలేదు. మల్లమ్మ అడిగింది. మంజులత మంచాన పడ్డప్పుడు కూతురిలా చేసిందని నీకు ఆమె మీద ప్రేమ, ఒప్పుకుంటాను. జీవితమంతా సినిమాల్లో గుంపులో ఒకతెగా నిలబడి నిలబడి ఆమె మోకాళ్లు పోయాయి. నా సత్సంగం షెడ్డు పై రోడ్డు మీద ఉంది, దాని అడుగున గది కింది సందులోకి తెరుచుకుంటుంది. షెడ్డులోంచి దిగే మెట్లు ఎక్కే ఓపిక లేదు గనక ఆమె కింద ఉంటుంది. జూబ్లీహిల్స్ బండల మీద పడ్డ వాన మా గోడలోంచి ఊరి ఆ గదిలోకే దిగుతుంది. కిందటేడు మంచం కోళ్లు మునిగాయి. గుంట తవ్వించి పంపు పెట్టించాను. నీళ్లు రాగానే ఎవరూ స్విచ్చి వెయ్యకుండా అది తిరగాలి. దానికే నీ పెట్టె.

విప్పి చూశాను. నలభై ఏళ్లు స్టూడియోల్లో లైట్లు మోసి, జనరేటరు వాన్ల పక్కన కాలం గడిపినవాణ్ణి, నాకు కరెంటు పాఠం అక్కర్లేదు. గోరంత నల్ల ఐసీ ఉంది. గుంటలో నీళ్లు ఎంతున్నాయి, ఎంత దాటకూడదు అని పోల్చి చూసేది అదేనని చీటీ పెట్టావు. బాగు. అది బుద్ధి. ఇటు చివర పంపును కలిపే రిలే ఉంది. అది కర్మ. బుద్ధి చెప్పాక కర్మ జరగాలి. కానీ రెండింటి మధ్య మూడు కాళ్ల ట్రాన్సిస్టర్ ఒకణ్ణి కూచోబెట్టావు. పక్కనే వెనక్కి తిరిగి నిలబడ్డ డయోడ్ ఇంకొకడు. ఎవరమ్మా వీళ్లు? దళారీలు!

ప్రతి శనివారం నేను గొంతు చించుకుని చెప్పేది ఒక్కటే. జీవుడికీ దేవుడికీ మధ్య దళారీ లేడు. స్తంభం చీల్చుకొచ్చినవాడు ఏ పూజారి చీటీ తెచ్చాడని వచ్చాడు? మొసలి నోట కాలున్న ఏనుగు కేకేస్తే ఏ ఏజెంటు కబురు చేర్చాడు? నా ముందు చాపల మీద కూచునే లైట్‌మెన్, జూనియర్ ఆర్టిస్టులు, డ్రైవర్లు అందరూ ఏజెంట్ల కోతకు ఎండిపోయినవాళ్లే. అలాంటి చోట, నా పీఠం అడుగునే దళారీ చేత కాపురం పెట్టిస్తావా?

పీకేస్తున్నాను. తెలిసి ఉండాలని రాశాను.

ఏ మధ్యవర్తీ అక్కర్లేని
పట్టాభిరామయ్య


వెంగళరావు నగర్,
19 జూన్ 2025

అన్నయ్యకు,

నమస్కారం పెట్టకపోతే అమ్మ పెంపకానికి మాటొస్తుంది. కాబట్టి నమస్కారం.

పీకకు. ముందు ఆ మాట చదువు, కోపం తర్వాత తెచ్చుకో.

ఆ ఐసీని కంపారేటర్ అంటారు. రెండింటిలో ఏది ఎక్కువో చెప్పడం దాని పని. అక్కడితో సరి. దాని చేతిలోంచి పోగల కరెంటు ఒక బుల్లి దీపానికి చాలు. రిలేను గట్టిగా లాగి పట్టాలంటే అంతకు రెట్టింపు కావాలి. పంపు మాట చెప్పనే అక్కర్లేదు. కోర్టులో జడ్జిగారు తీర్పు చెబుతారు, ఇల్లు ఖాళీ చేయించడానికి అమీనా వస్తాడు. జడ్జిగారే వచ్చి బీరువా ఎత్తాలంటే ఆయన నడుం విరుగుతుంది. ఇక్కడ అమీనా ఆ ట్రాన్సిస్టర్. ఐసీ వేలు చూపిస్తే అది భుజం పెడుతుంది. కోత కోసుకునే దళారీ కాదు అది. బరువు మోసే కూలీ.

నీ భాషలోనే చెప్పమంటావా? భగీరథుడు గంగను అడగ్గలిగాడు. మొయ్యగలిగాడా? ఆకాశం నుంచి ఆ ధాటి నేరుగా అతని నెత్తిన పడితే ఏమయ్యేవాడు? మధ్యలో ఒకాయన జడలు విప్పి నిలబడ్డాడు. ఆయన్ని కూడా దళారీ అంటావేమో, నీ నోటికి అడ్డేముంది!

ఆ డయోడ్ వెనక్కి తిరిగి నిలబడ్డది అహంకారంతో కాదు. కరెంటు ఆగిన క్షణంలో రిలే లోపలి తీగచుట్ట తిరగబడి కొడుతుంది. ఆ దెబ్బను డయోడ్ కాచుకుంటుంది. అది లేకపోతే దెబ్బ ఐసీ మొహాన పడుతుంది. పంపు నడిచేటప్పుడు కాదు, ఆగేటప్పుడు ప్రమాదం. గుర్తుపెట్టుకో.

నీకు బరువు తెలుసు, కాదనను. నాకు తూకం తెలుసు.

ఇంకో మాట. ఈ వానాకాలం మల్లమ్మను ఆ గదిలో పడుకోబెట్టకు. మా ఇంట్లో కింద గది ఖాళీగా ఉంది, ఒక్క మెట్టు కూడా లేదు. పంపించు.

మైకు సంగతి ఎత్తావు గనక చెబుతున్నాను. ఆ రోజు నువ్వు చాలాసేపు మాట్లాడావు. దేవుళ్లందరి పేర్లూ వచ్చాయి. వదిన పేరు ఒక్కసారి రాలేదు. అందుకు లాగాను. విస్తళ్లు ఎండటం నేను చెప్పిన సాకు.

చెల్లెలు
సీతామహాలక్ష్మి


ఫిల్మ్‌నగర్,
29 జూన్ 2025

లాబు మేడమ్ సీతామహాలక్ష్మి గారికి,

నీ ట్రాన్సిస్టర్‌నూ డయోడ్‌నూ పీకి ఇత్తడి పళ్లెంలో పెట్టి నిన్న సత్సంగంలో అందరికీ చూపించాను. "వీళ్లే నాయనలారా, మన జీవితాల్లో మధ్యన కూచునేవాళ్లు. చూడండి, మూడు కాళ్లున్నా నడవలేరు!" అన్నాను. షెడ్డు రేకులు ఎగిరిపోయేలా నవ్వారు. ఏజెంటు చలపతిరావు కూడా వెనకాల నిలబడి ఉన్నాడు, మొహం మాడ్చుకుని వెళ్లిపోయాడు. నీ పెట్టె ఆ మాత్రం పుణ్యం కట్టుకుంది.

ఐసీ కాలికి రిలే తీగ నేనే స్వయంగా, నేరుగా అతికాను. మైకు పక్కన పెట్టి అందర్నీ మెట్ల మీదకు పిలిచి, గుంటలో ఒక బకెట్ నీళ్లు పోయించాను. టక్కుమంది. పంపు గుర్రుమంది. నీళ్లు సందులోకి దూకాయి. గుంట ఖాళీ కాగానే దానంతటదే ఆగింది. చప్పట్లే చప్పట్లు! నీ జడ్జిగారు బీరువా ఎత్తాడమ్మా, నడుం విరగలేదు.

లైట్‌మ్యాన్ వెంకటనర్సయ్య ఉన్నాడే, అనుమానం మనిషి, "సార్, ఇంకోపారి పోసి సూద్దమా?" అన్నాడు. "దేవుణ్ణి రెండోసారి పరీక్షించేవాడు భక్తుడు కాదురా, ఇన్‌స్పెక్టరు" అన్నాను. బకెట్ పక్కన పెట్టేశాడు. హిరణ్యకశిపుడు కూడా ఒక్క స్తంభమే కొట్టాడు.

మల్లమ్మను పంపమంటావా? తెలిసింది తల్లీ, అంతా తెలిసింది. నీ పనిమనిషి మానేసి రెండు నెలలైందని మొన్న ఆటో అతనే చెప్పాడు. మోకాళ్లు పోయినా చేతులు బాగానే ఉన్నాయి కదా, కూచుని అంట్లు తోముతుందని లెక్క వేసుకున్నావు. నీ దయ ఎప్పుడూ ఇలాగే ఉంటుంది, లోపల ఏదో ఒక తీగ ఉంటుంది. ఈ మాట మల్లమ్మకు చెప్పాను. "ఏందయ్యా, ఈడికెంచి ఆడికి జరపనీకి నేనేమన్న కుర్చీనా?" అన్నది. అదీ జవాబు.

వదిన పేరు రాలేదంటావు. పేరు తీసి ఉంటే అందరి ముందూ ఏడ్చేసేవాణ్ణని నీకేం తెలుసు? నువ్వు లెక్కలు చూసుకునే రకానివి.

గెలిచినవాడు
పట్టాభిరామయ్య


వెంగళరావు నగర్,
2 జూలై 2025

అన్నయ్యా,

నమస్కారం ఈసారి లేదు.

పనిమనిషి మాటకు జవాబు చెప్పను. మల్లమ్మకు ఆ మాట నువ్వు చేరవేశావని తెలిశాక రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. ఆమె నన్ను అలా అనుకుంటుందన్నమాట ఇప్పుడు. నీకు తృప్తేనా?

నీ విజయం సంగతి. ఒక్కసారి టక్కుమంది, నిజమే. కొత్త ఐసీ, శక్తికి మించి లాగి ఒకసారి ఎత్తింది. బక్కమనిషి కూడా ఇంటికి నిప్పంటుకున్నప్పుడు ఒకసారి ట్రంకుపెట్టె ఎత్తుతాడు. కానీ పంపు ఆగింది చూడు, నీవాళ్లు చప్పట్లు కొట్టారు చూడు, సరిగ్గా అప్పుడే రిలే తిరగబడి ఉంటుంది. కాచుకునే డయోడ్ నీ ఇత్తడి పళ్లెంలో ఉంది. ఆ ఐసీ చచ్చిపోయి ఉంటుందని నా అనుమానం. చచ్చిన ఐసీ బతికున్నదానిలాగే కనిపిస్తుంది. వాసన రాదు, నల్లబడదు.

నా మాట అబద్ధమని తేల్చడం తేలిక. గుంటలో నీటిమట్టం పట్టే తీగలు తడిసేలా కాసిని నీళ్లు పొయ్యి. పంపు తిరిగితే నాకు ఉత్తరం రాసి ఎంత కావాలంటే అంత తిట్టు. అదే ఉత్తరాన్ని మైకులో చదువు. తిరక్కపోతే ఆ రోజే మల్లమ్మను అక్కణ్ణుంచి కదిలించు.

మధ్యలో ఉన్నవాళ్లంతా దళారీలంటావు. వదిన ఏం చేసింది అన్నయ్యా? నువ్వు నన్ను తిట్టిన తిట్టు ఆవిడ చల్లార్చి నాకు చేర్చేది, నా విసురు మెత్తబరిచి నీకు చెప్పేది. ముప్పై ఏళ్లు మనిద్దరం కాలిపోకుండా ఉన్నది అందుకే. ఆవిణ్ణీ పీకి పళ్లెంలో పెడతావా?

ఈ వారంలో నువ్వు నీళ్లు పోసి చూడకపోతే స్థలం ఓనరు త్రినాథరావు గారికి ఫోన్ చేసి ఆ గదిలో మనిషి ఉందని చెబుతాను. ఇది బెదిరింపే. బెదిరింపు అనుకునే చదువుకో.

సీతామహాలక్ష్మి


ఫిల్మ్‌నగర్,
11 జూలై 2025

ఇంటి గుట్టు బయటపెట్టిన దానికి,

చేశావు! అన్నంత పనీ చేశావు. త్రినాథరావు మనిషి కారులోంచి దిగకుండానే అద్దం దించి చెప్పాడు: "స్వామీ, కింద ఎవరో ఉంటున్నారటగా. నెలాఖరుకల్లా ఖాళీ చేయించండి. లేకపోతే పైన షెడ్డుకు కూడా తాళం పడుతుందని సార్ చెప్పమన్నారు." సినిమాలు తీసేవాడి మాట, మార్చడానికి వీల్లేదు. పదిహేనేళ్లుగా ఈ రేకుల కింద నేను కట్టుకున్న సత్సంగం నువ్వు ఒక్క ఫోనుతో కూల్చబోయావు. విభీషణుడు కూడా అన్నను వదిలేముందు మొహం మీద చెప్పి పోయాడు. నువ్వు ఫోన్ కాల్‌తో పని కానిచ్చావు.

నీ నీళ్లు నువ్వే తాగు. పొయ్యను.

ఎందుకు పొయ్యనో కూడా విను. నేను నిలబడి నూరుమందికి చెప్పాను, మధ్యన ఎవడూ అక్కర్లేదని. వాళ్లు నమ్మారు. ఒక జూనియర్ ఆర్టిస్టు పిల్ల ఆ మరునాడే ఏజెంటును కాదని నేరుగా ప్రొడక్షన్ ఆఫీసుకు వెళ్లి పని అడిగింది. దొరికింది కూడా. ఇప్పుడు నేను దొంగచాటుగా గుంటలో నీళ్లు పోసి చూసుకుంటే, నా నమ్మకం గుంటలో పోసినట్టే. మల్లమ్మను పైకి జరిపితే ఇంకేముంది, పట్టాభిరామయ్య చెప్పింది అబద్ధమని డప్పు కొట్టినట్టే. జరపను. ఆ గది ఖాళీ చేయించను. తాళం వేస్తే వెయ్యనీ, తాళాల్లో పుట్టినవాడి తలుపులు ఎలా తెరుచుకున్నాయో వాడికి తెలియదేమో, నాకు తెలుసు.

మల్లమ్మ కూడా మొదలుపెట్టింది. "గామె చెప్పినట్టు ఓ చెంబెడు పోసి సూడరాదయ్యా, పోయేదేముంది?" అని. నీ విషం అక్కడిదాకా పాకింది.

వదిన మాట ఇంకోసారి ఎత్తావంటే నీ ఉత్తరం విప్పను.

వచ్చే శనివారం, పందొమ్మిదిన, ఏనుగు మొరపెట్టుకున్న కథ చెబుతున్నాను. ఫిల్మ్‌నగర్ అంతా వస్తుంది. నీ నీడ మాత్రం నా షెడ్డు గడప దాటకూడదు.

పట్టాభిరామయ్య


వెంగళరావు నగర్,
14 జూలై 2025

అన్నయ్యా,

నీ గడప నాకక్కర్లేదు. శనివారం సాయంత్రం కింది సందులోంచి మల్లమ్మ గదికి వస్తాను. నీళ్లు నేనే పోసి చూస్తాను. పంపు తిరిగితే నీకు కనిపించకుండా వెళ్లిపోతాను, జన్మలో మళ్లీ ఉత్తరం రాయను. నువ్వు పైన నీ ఏనుగు కథ చెప్పుకో.

సీత


హాస్పిటల్ వరండా,
20 జూలై 2025

సీతామహాలక్ష్మికి,

మల్లమ్మ లోపల ఉంది, మూతికి గొట్టం పెట్టారు. ఊపిరితిత్తుల్లోకి మురికినీళ్లు పోయాయని, రెండు రోజులు గడిస్తేగానీ ఏమీ చెప్పలేమని డాక్టరు అన్నాడు. నువ్వు నిన్న చేసిన పనికి ఇది ఫలితం. చదువుకో.

వాన ఎలా పడిందో నీకూ తెలుసు, అందులోనే తడిశావు. రేకుల మీద రాళ్ల వానలా ఉంది, నా గొంతు నాకే వినబడ్డం లేదు. మైకు పూర్తిగా పెంచాను. ఏనుగు తొండం ఎత్తి కేకవేసే ఘట్టం. జనం పూనకం వచ్చినట్టు గోవింద కొడుతున్నారు. నా జీవితంలో అంత బాగా ఎన్నడూ చెప్పలేదు. టక్కున దీపాలు పోయాయి, మైకు పోయింది.

కరెంటు పోవడం కాదు అది. పక్క ఇళ్లలో లైట్లు వెలుగుతున్నాయి. పెద్దకర్మ నాడు ప్లగ్గు లాగిన చెయ్యి నాకు చీకట్లో కూడా తెలుస్తుంది. తిట్టుకుంటూ, ఫోన్ లైటు వేసుకుని మెట్లు దిగాను. నాలుగో మెట్టు దగ్గర నీళ్లు తగిలాయి. మంచం తేలుతోంది. మల్లమ్మ దాని పట్టె పట్టుకుని మెడ దాకా నీళ్లలో ఉంది. వెంకటనర్సయ్యా, ఇంకో ఇద్దరు లైట్‌మెన్ నన్ను తోసుకుని దిగి ఆమెను భుజాన వేసుకుని పైకి తెచ్చారు. రోడ్డు మీదకు పరిగెత్తి చూస్తే కింద, మీటరు పెట్టె దగ్గర, నువ్వు. చీర కొంగు నడుముకు చుట్టుకుని, చెయ్యి ఇంకా మెయిన్ స్విచ్చి మీదే.

పంపు తిరుగుతుంటే కరెంటు తీశావు. పంపు ఆగింది, గది నిండింది. నా మీద గెలవడానికి ఒక ముసలిదాన్ని ముంచావు. నీ ఐసీ నెగ్గాలి, నా మాట ఓడాలి, అంతేగా?

పోలీసులకు చెప్పను, ఒక్క కడుపున పుట్టాం. పై వాడికి చెబుతాను.

అన్న అని రాయడానికి చెయ్యి రాని
పట్టాభిరామయ్య


వెంగళరావు నగర్,
22 జూలై 2025

అన్నయ్యా,

నేను ముంచానా!

సరే, విను. నేను సందులోకి వచ్చేసరికే తలుపు కింద నుంచి నీళ్లు బుగ్గలా తన్నుకొస్తున్నాయి. తలుపు నాని, ఉబ్బి బిగుసుకుపోయింది. తోశాను. కదల్లేదు. లోపల మల్లమ్మ అరుస్తోంది. "పట్టాభి సారూ, ఓ పట్టాభి సారూ" అని నిన్నే పిలుస్తోంది, నన్ను కాదు. నేనూ అరిచాను. రాయి తీసుకుని తలుపు బాదాను. పైన నువ్వు ఏనుగు కేకలు వేస్తున్నావు. నూరుమంది గోవింద కొడుతున్నారు. వైకుంఠంలో మైకు లేదు గనక అక్కడికి ఏనుగు గొంతు చేరింది అన్నయ్యా. నీ షెడ్డులో ఉంది.

చుట్టూ తిరిగి పై రోడ్డుకు ఎక్కి రావాలంటే ఆ వరదలో నా వయసుకు ఎంతసేపు? మీటరు పెట్టె ఒక్కటే నా చేతికి అందింది. నిన్ను దించడానికి నాకు తెలిసిన దారి అదొక్కటే. నీ మాట ఆపేస్తేగానీ నువ్వు కదలవు. నువ్వు తిడుతూ దిగుతావని తెలుసు. దిగితే చాలనుకున్నాను.

పంపు తిరుగుతోందంటావు. నా చెవులతో చెబితే నమ్మవు. మల్లమ్మ గొట్టం తీశాక ఆమెను అడుగు, స్విచ్చి తియ్యక ముందు పంపు చప్పుడు విన్నదా అని. ఇంకోటి. మెడ లోతు నీళ్లు క్షణంలో చేరవు. నేను స్విచ్చి తియ్యడం, నువ్వు మెట్లు దిగడం, రెంటికీ మధ్య ఎంతసేపు? నువ్వే లెక్కకట్టు.

అప్పటికీ అనుమానం తీరకపోతే పెట్టెలో ఆ బోర్డుంది, నీళ్లున్నాయి. ఇప్పుడు చూసేవాళ్లు ఎవరూ లేరు, నీ పరువుకు భయం లేదు.

ఈ కవరుతో పాటు కొత్త బోర్డు పంపుతున్నాను. నీ కోసం కాదు. ఆ గదిలోకి ఆమె తిరిగి వస్తుందేమోనని. రెండు పూటలా హాస్పిటల్‌కు వెళ్తున్నాను, నువ్వు లేని వేళ చూసుకుని.

సీతామహాలక్ష్మి


ఫిల్మ్‌నగర్,
6 ఆగస్టు 2025

సీతకు,

జవాబు ఆలస్యమైంది. ఆలస్యానికి కారణాలున్నాయి, క్షమాపణ లేదు. త్రినాథరావుకు ఫోన్ చేశావన్నది నేను మరిచిపోలేదు, పెద్దకర్మ నాటిదీ మరిచిపోలేదు.

నీ ఉత్తరం వచ్చిన రోజు మధ్యాహ్నం ఒక్కణ్ణే కిందికి దిగాను. లైట్‌మెన్ నీళ్లు తోడేశాక గదంతా బురద. బోర్డు గోడకు ఎత్తుగా ఉంది గనక తడవలేదు, దాని దీపం వెలుగుతూనే ఉంది. గుంటలో గ్లాసెడు పోశాను. ఏమీ లేదు. చెంబు పోశాను. బకెట్ పోశాను. గుంట పొర్లి నా కాళ్ల మీదకు వచ్చింది. పంపు తీగను నేరుగా కరెంటుకు తగిలిస్తే సింహంలా గర్జించింది. పంపుకు రోగం లేదు. చెప్పాల్సినది చెప్పడం లేదు, అంతే. ఎప్పటి నుంచి చెప్పడం లేదో నీకు జూలై రెండునే తెలుసు. నాకు ఆ బురదలో కూచున్నాక తెలిసింది.

మల్లమ్మ గొట్టం తీశాక అడిగాను. "పంపా? అది యాడ మోగిందయ్యా? నీ పాటనే మోగింది" అన్నది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

మొన్న శనివారం మైకు పెట్టలేదు. రేకుల కింద నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. పంపు తిరగకపోవడానికి కారణం నేనని, నా చెల్లెలు స్విచ్చి తియ్యకపోతే నేను కథ పూర్తిచేసి మంగళం పాడేవాణ్ణని. చలపతిరావు ముందు వరసలోనే కూచున్నాడు, నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. తల వంచుకున్నాడు. అది ఇంకా బాధ. సగం మంది ప్రసాదం తీసుకోకుండా వెళ్లిపోయారు.

కానీ ఒకటి చెబుతున్నాను, రాసిపెట్టుకో. దేవుడికి దళారీ లేడన్న మాట నేను వెనక్కి తీసుకోను. నా ఐసీ దేవుడు కాదు, నా పంపు జీవుడు కాదు. గుడిలో చెప్పవలసింది గుంటలో చెప్పాను. అక్కడ తప్పాను. సిద్ధాంతం దగ్గర కాదు. నువ్వు దీని మీద వాదన పెట్టుకుంటే పది ఉత్తరాలకు నేను సిద్ధం.

ఇప్పుడు మల్లమ్మ సంగతి. నీకు చెప్పమని ఆమె అనలేదు, నాకే చెప్పాలనిపించింది.

డిశ్చార్జి రోజున షెడ్డులో, నేను కూచునే చోట, పరుపు వేయించాను. ఆటో అలవాటుగా కింది సందులోకే వచ్చింది గనక వెంకటనర్సయ్య ఎత్తుకుని మెట్లెక్కిస్తానన్నాడు. ఆమె ఆటోలోంచి దిగలేదు. "పైన ఉండు మల్లమ్మా, కింద వద్దు" అన్నాను. "నువ్ మంచోనివేనయ్యా. గని నీకు ఇనొస్తలేదు" అన్నది.

నీ కింద గది గురించి కూడా చెప్పాను. పనిమనిషి మాట నేను కోపంలో కల్పించానని, నువ్వు నిజంగానే రమ్మన్నావని, మెట్లు లేవని. అబద్ధమాడలేదు, నీ తరఫున గట్టిగానే చెప్పాను. "మంచిదే. గని మీ అన్నాచెల్లెండ్ల నడుమల పడి నేనెందుకు నలగాలె? మంజులమ్మకు జేసిన, సాలు" అన్నది. టోలిచౌకిలో ఆమె అక్క కూతురు ఉందట, పదేళ్లుగా పలకరించుకోలేదట. అక్కడికి పొమ్మని ఆటోకు చెప్పింది. ఇల్లు ఎక్కడని అడిగాను. "ఎందుకయ్యా" అన్నది. ఆటో కదిలింది. నేను గొడుగు పట్టుకుని సందు చివరి దాకా పక్కన నడిచాను, తర్వాత అది వేగం అందుకుంది.

గది ఖాళీ అయింది గనక త్రినాథరావు తాళం మాట మానేశాడు. షెడ్డు నిలిచింది.

నీ కొత్త బోర్డు బిగించాను. వెంకటనర్సయ్య పక్కన నిలబడి పట్టుకున్నాడు. ట్రాన్సిస్టర్ ఉంది, డయోడ్ ఉంది, ఏదీ ముట్టుకోలేదు. పదిసార్లు నీళ్లు పోయించి చూశాను, పదిసార్లూ తిరిగింది.

నిన్న సాయంత్రం మళ్లీ పెద్ద వాన. గోడ ఊరింది. మెట్ల మీద కూచుని చూశాను. గుంట నిండుతుండగానే టక్కుమంది, నేను చెయ్యి వెయ్యకుండా పంపు లేచింది, నీళ్లన్నీ సందులోకి తోసి ఆగింది. మళ్లీ నిండితే మళ్లీ లేచింది. వాన వెలిసేసరికి గచ్చు ఆరిపోయింది. నడుస్తే కాలికి తడి అంటలేదు.

బ్రహ్మాండంగా పనిచేస్తోంది సీతా. కింద ఎవరూ లేరు.

పట్టాభి